అరిచే మీటలు

జుజు, రొటుమా దీవి
జనవరి 29, 2004

ఫెసాయితూ,

"ప్రియమైన తమ్ముడికి" అని మొదలుపెట్టాలంటే చెయ్యి రావడం లేదు. ఇక్కడ అందరం క్షేమం. క్షేమంగా లేనిది నువ్వు సువా నుంచి ఓడెక్కించి పంపిన పియానో ఒక్కటే.

నవంబరులో అది వచ్చినప్పుడు ఎంత మురిసిపోయానో నీకు రాశాను. కాళ్లతో తొక్కితే తప్ప ఊపిరి తీసుకోని ఆ పాత హార్మోనియంతో ముప్పై ఏళ్లు వేగాను. దాని తిత్తిని ఎలుకలు కొరికితే తెరచాప గుడ్డతో అతుకులేసి వాయించినదాన్ని. ఈ కరెంటు పియానో వేలు మెల్లగా వేస్తే మెల్లగా, గట్టిగా వేస్తే గట్టిగా పలికింది. ఒకరు వాడిన సామానంటే ఎవరూ నమ్మలేదు. క్రిస్మస్ ఆరాధనలో దాని మీద నేను వాయిస్తుంటే పాస్టరుగారు కళ్లు తుడుచుకున్నారు.

ఇప్పుడు అదే పియానో నా పరువు తీస్తోంది. నడిమి మీటలు కొన్నిటిని ఎంత మెత్తగా ముట్టుకున్నా కేక పెడతాయి. వాటి పక్కవి కొన్ని గుద్దితే గానీ నోరు విప్పవు. మొన్న ఆదివారం, పోయినవాళ్లని తలుచుకునే కీర్తన, అందరూ తలలు వంచుకుని ఉన్నారు, మధ్యలో ఒక్క స్వరం తుపాకీ పేలినట్టు పేలింది. ముందు వరసలో ఉన్న సరోతే ఉలిక్కిపడి వెనక్కి తిరిగింది. నా మొహం కేసి కాదు, నా చేతుల కేసి చూసింది.

ఆ చూపు ఊరికే పోలేదు. ఆవిడ మొగుడు కఫోవా, మన గాన బృందానికి నాయకుడు కదా, సంఘ పెద్దల ముందు లేచి నిలబడ్డాడు. "తోరికా చేతులు పట్టు తప్పాయి. వయసు ఎవరినీ వదలదు. మే పదమూడున రొటుమా దినం ఆరాధనకి ఏడు జిల్లాల బృందాలూ మన చర్చికే వస్తున్నాయి. అప్పటికి పియానో దగ్గర మా కోడలు అకానిసిని కూర్చోబెడదాం" అన్నాడు. నేను అక్కడే, కిటికీ పక్కన చాపలు మడతపెడుతున్నాను. గోడకి చెప్పినా కాస్త మర్యాదగా చెబుతారు. అకానిసి సువాలో సంగీతం చదువుకున్న పిల్ల, నెమ్మదైంది, దాని మీద నాకేమీ కోపం లేదు. కానీ నేను బతికుండగా, నేను వింటుండగా, నా చేతులు చచ్చిపోయాయని తీర్పు చెప్పడమేమిటి?

చెడింది నా చేతులు కాదు, నీ పియానో. నువ్వెవరో రిటైరైన టీచరమ్మ దగ్గర కొన్నానన్నావే, ఆవిడ దాన్ని సుత్తితో వాయించేదా? ఏం చెయ్యాలో వెంటనే రాయి. మే పదమూడు లోపల ఇది బాగుపడకపోతే నన్ను ఆ స్టూలు మీద నుంచి లేపేస్తారు. వెనక బల్ల మీద కూర్చుని విసనకర్ర ఊపుకునే వయసు నాకింకా రాలేదు.

ఒళ్లు మండిపోతున్న నీ అక్క,
తోరికా


సువా
ఫిబ్రవరి 11

అక్కా,

నీ ఉత్తరం అందింది. అందిందనడం కంటే తగిలిందనడం సబబు.

మా చర్చికి మంచి పియానో చూడరా అని ఏడాది పాటు నా ప్రాణం తీసింది నువ్వు. చూశాను, కొన్నాను, ఓడ వాళ్ల కాళ్లు పట్టుకుని నీళ్లు తగలని చోట పెట్టించాను. ఇప్పుడు నింద నాకు. ఎక్కించే ముందు ఆ చివర నుంచి ఈ చివర దాకా ఒక్కో మీటా నేనే నొక్కి చూశాను. ఒక్కటీ అరవలేదు, ఒక్కటీ మూగది కాదు. ఆ టీచరమ్మ దాన్ని కన్నబిడ్డలా చూసుకుంది. రోజూ పట్టుగుడ్డతో తుడిచేది. ఇచ్చేటప్పుడు కంటతడి పెట్టుకుంది. అలాంటి మనిషిని పట్టుకుని సుత్తి అంటావా?

ముందు నీ జనరేటరుని అనుమానించు. చర్చి జనరేటరు ఫ్రిజ్‌కీ మైకుకీ కలిపి దిక్కు కదా, కరెంటు ఎగిరిపడితే ఈ యంత్రాలకి మతి పోతుంది. వేరే జనరేటరు తెచ్చి పెట్టి చూడు. అది కాకపోతే, వేలి బరువుని పియానో ఎంత పట్టించుకోవాలో చెప్పే బొత్తాం ఒకటి ఎడమ చేతి వైపు ఉంటుంది. మెత్తన, మధ్యస్థం, గట్టి అని మూడు రకాలు. ఎవరైనా తెలియక నొక్కి ఉంటారు. దాన్ని మధ్యలో పెట్టు. ఏ మీటలు అరుస్తున్నాయో, ఏవి మూగబోయాయో వాటి మీద సుద్దతో గుర్తు పెట్టు. రోజూ అవే అయితే రోగం లోపల ఉన్నట్టు. రోజుకొకటి అయితే కరెంటుదే తప్పు.

ఇంకో మాట. దాన్ని చర్చిలోంచి అంగుళం కూడా కదపనని మాటిచ్చావు. కదపలేదు కదా? దాని మీద ఎవరూ ఫెకెయి తినలేదు కదా? ఆ కొబ్బరి పాల జిగురు లోపలికి దిగితే దేవుడు కూడా వదిలించలేడు.

కఫోవా మాటలకి నువ్వు పడి ఉండకు. ఆయన గొంతు పెంచితే పాట బాగుపడిందనుకునే రకం.

నీ తమ్ముడు,
ఫెసా


జుజు
మార్చి 3

ఫెసా,

పియానో చర్చిలోనే ఉంది. ఈ అక్షరం రాస్తున్నప్పుడు కూడా చర్చిలోనే ఉంది. ఫెకెయి ఎవరూ తినలేదు.

నువ్వు చెప్పినవన్నీ చేశాను. ఆసుపత్రి నర్సమ్మని బతిమాలి వాళ్ల జనరేటరు తెప్పించాను. దాన్ని దింపడానికి నలుగురు మనుషులు కావలసి వచ్చింది, ఆ నలుగురికీ భోజనం పెట్టాల్సి వచ్చింది. కరెంటు మారినా కేక మారలేదు. మెత్తన, మధ్యస్థం, గట్టి, మూడూ తిప్పి చూశాను. మెత్తనలో పెడితే మిగతా మీటలు గుసగుసలాడాయి, అరిచేవి మాత్రం అరుస్తూనే ఉన్నాయి. సుద్దతో గుర్తులు పెట్టాను. ప్రతిరోజూ అవే. అన్నీ నడిమి భాగంలో, సరిగ్గా నేను కూర్చునే చోటికి ఎదురుగా. రెండు కొసలూ బంగారంలా ఉన్నాయి. నీ టీచరమ్మ జీవితమంతా మధ్యలోనే వాయించుకుందా?

ఇంతకంటే పెద్ద సాక్ష్యం ఇంకోటి దొరికింది. సాధనకి అకానిసిని కూర్చోబెట్టారు. నన్ను అడగలేదు, అది వేరే సంగతి. రెండో చరణంలో అదే మీట దాని వేలి కింద కూడా కేక పెట్టింది. నాకెంత సంతోషమేసిందో దాచను. ఇప్పుడైనా అర్థమవుతుందనుకున్నాను. సాయంత్రం కఫోవా, సరోతే మా ఇంటికొచ్చారు.

"తోరికా, నీ మీద గౌరవం లేక కాదు గానీ" అని మొదలుపెట్టాడు. గౌరవంతో మొదలయ్యే మాట ఎక్కడ తేలుతుందో నాకు తెలుసు.

"సూటిగా చెప్పు."

"పియానోకి ఏం రోగం? నవంబరులో బాగుంది. క్రిస్మస్‌కి బాగుంది. వస్తువు రెండు నెలల్లో ముసలిదవదు కదా."

"నేను మాత్రం రెండు నెలల్లో ముసలిదాన్నయిపోయానా?"

"ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు మాట్లాడకు."

"మరి ఇవాళ నీ కోడలి చేతిలో ఎందుకు అరిచింది? అది కూడా ఆడలేకేనా?"

అప్పుడు సరోతే అందుకుంది. "నువ్వు పక్కన నిలబడి గుడ్లురిమి చూస్తుంటే పిల్ల బెదిరిపోయింది వదినా. బెదిరితే వేళ్లు బరువెక్కవా?"

విన్నావా? నా చేతిలో అరిస్తే నా వయసు, దాని చేతిలో అరిస్తే నా చూపు. పియానో తప్ప లోకంలో అందరిదీ తప్పే. వాళ్లకి కొబ్బరి నీళ్లు ఇచ్చి పంపాను. ఇవ్వకుండా ఉండాల్సింది.

తర్వాత ఏం చెయ్యాలి? అవసరమైతే దాని పొట్ట కోసి చూస్తాను.

తోరికా


సువా
మార్చి 17

అక్కా,

పొట్ట కొయ్యాల్సిందే. భయపడకు, చెప్పినట్టు చెయ్యి.

సంగతి ఇది. ప్రతి మీట కిందా ఒక రబ్బరు బొడిపె ఉంటుంది, దాని లోపల రెండు నల్ల చుక్కలు. మీట నొక్కితే ముందు ఒక చుక్క కిందున్న కరెంటు పలకని తాకుతుంది, వెనకే రెండోది. ఆ రెండిటి మధ్య ఎంతసేపు పట్టిందో చూసి యంత్రం శబ్దాన్ని నిర్ణయిస్తుంది. నెమ్మదిగా నొక్కితే ఎడం ఎక్కువ, శబ్దం తక్కువ. మొదటి చుక్కకి మురికి పట్టిందనుకో, అది ఆలస్యంగా తాకుతుంది, రెండోదానితో కలిసిపోతుంది. ఎవరో పిడికిలితో గుద్దారనుకుని యంత్రం కేక పెడుతుంది. రెండో చుక్కకి పడితే అసలు పలకనే పలకదు. నీ రెండు రోగాలకీ మూలం ఒకటే.

కరెంటు తీగ పీకెయ్యి. చాప పరిచి పియానోని బోర్లా పడుకోబెట్టు. అడుగు పలక మరలు విప్పి కొబ్బరి చిప్పలో వేసుకో, నీ ఒళ్లో కాదు. లోపల పొడుగాటి పచ్చ పలక, దాని మీద రబ్బరు పట్టీలు. పన్నెండు మీటలకొక పట్టీ. తుడిచే ముందు ఒక పని చెయ్యి. నడిమి పట్టీని తీసి పైస్థాయి పట్టీ ఉన్న చోట పెట్టు, దాన్ని తెచ్చి మధ్యలో పెట్టు. బొడిపెల తోకలు రంధ్రాల్లోకి పూర్తిగా దిగాలి, లేకపోతే కొత్త రోగం పుడుతుంది. మూసి వాయించు. కేక కూడా పట్టీతో పాటే పైకి పోతే రోగం రబ్బరుది, తుడిస్తే పోతుంది. కేక మధ్యలోనే ఉండిపోతే రోగం పలకది, అప్పుడు నేనేమీ చెయ్యలేను.

తుడవడానికి స్పిరిట్ కావాలి, నర్సమ్మని అడుగు. నీళ్లు వద్దు. నూనె అసలే వద్దు. పీచు రాలని మెత్తటి గుడ్డ తీసుకుని, నల్ల చుక్కల్ని బిడ్డ చెవి తుడిచినట్టు తుడవాలి. ఒకసారి తియ్యటి పానీయం గ్లాసుడు ఒలికినప్పుడు మేం ఇలాగే చేశాం, గంటలో దారికొచ్చింది.

ఫెసా


జుజు
ఏప్రిల్ 2

ఫెసాయితూ,

"మేం" ఎవరు?

నువ్వు రేవులో సరుకుల గిడ్డంగిలో గుమాస్తావి. శని ఆదివారాలు కూడా పని ఎక్కువగా ఉందని అమ్మ వర్ధంతికి కూడా రాలేదు. గిడ్డంగిలో పియానోలు వాయిస్తారా? గ్లాసులు ఒలుకుతాయా? ఇంత వివరంగా దాని పేగులన్నీ నీకెలా తెలుసా అని ఉత్తరం చదువుతూ అనుకుంటూనే ఉన్నాను. అడుగు పలక విప్పాక జవాబు దొరికింది. మీటల సందులో ఒక పుల్ల ఇరుక్కుని ఉంది. పుల్ల చివర రంగు కాగితంతో చేసిన బుల్లి గొడుగు. హోటళ్లలో మందు గ్లాసుల మీద పెట్టి ఇస్తారే, అది. నాకెలా తెలుసని అడక్కు, మన పినతల్లి కూతురు పెళ్లి ఫొటోల్లో చూశాను. పట్టుగుడ్డతో తుడుచుకునే టీచరమ్మ ఇంట్లో ఈ గొడుగేమిటి? బారులో తాగుబోతుల మధ్య పుట్టి పెరిగిన పియానోని తెచ్చి దేవుడి ముందు పెట్టించావా నాచేత?

గొడుగు నేను చూడటంతో ఆగలేదు. నర్సమ్మ ఇచ్చిన స్పిరిట్ సీసా మూత తీసి ఉంది, కఫోవా లోపలికి వచ్చాడు. ముక్కు ఎగరేశాడు. నా చేతిలో గొడుగు, నేల మీద సీసా, చర్చి నిండా ఘాటు. ఆయన ఏమనుకోవాలో అదే అనుకున్నాడు. నేను ఎంత చెప్పినా వినలేదు. "ఉన్నదాన్ని కూడా ఊడబీకుతున్నావు" అని పెద్దల చేత కబురు పెట్టించి పియానో మీద గుడ్డ కప్పించాడు. పెద్దల అనుమతి లేకుండా నేను దాన్ని ముట్టుకోకూడదట. నేను. ముప్పై ఏళ్లుగా ఆ చర్చిలో ఏ కీర్తన ఎప్పుడు ఎత్తుకోవాలో వీళ్లకి తల ఊపి చెప్పిన నేను.

ఆయన రాకముందే పట్టీలు మార్చి చూశాను. కేక పట్టీతో పాటే పైకి పోయింది. పలక బాగుంది, రబ్బరుకే రోగం. కాస్త దుమ్ము ఉంది. తుడవనిస్తే పోతుంది, తుడవనివ్వడం లేదు.

ఆ పియానో ఎక్కడిదో నిజం రాయి. నిజం అంటే ఏమిటో గుర్తుంటే.

తోరికా


సువా
ఏప్రిల్ 14

అక్కా,

నిజం కావాలా, తీసుకో. ఆ పియానో సముద్రం ఒడ్డున ఒక హోటలుది. బారులోదే. శుక్ర శనివారాలు దాన్ని వాయించింది నేనే. రెండేళ్లుగా వాయిస్తున్నాను. టీచరమ్మ లేదు, పట్టుగుడ్డ లేదు, కంటతడి పెట్టుకున్నది నేను. హోటలు వాళ్లు కొత్తది కొంటున్నారంటే ఇది వేరే ఎవరి చేతుల్లోనూ పడకూడదని నీకు పంపాను. బారులో వాయిస్తానని చెబితే నువ్వు నా కోసం ప్రార్థన కూడిక పెట్టిస్తావు, ఊరంతా నన్ను పేరు పెట్టి దేవుడికి అప్పజెబుతారు. అందుకే చెప్పలేదు. నాకు సిగ్గేమీ లేదు. అమ్మ వర్ధంతికి రాకపోవడం ఒక్కటే తప్పు, దానికి ఎన్ని తిట్లయినా పడతాను.

ఇక నా వంతు. ఆ పియానో సిగరెట్ల పొగలో, సారా వాసనలో, ఆస్ట్రేలియా వాళ్ల కేకల్లో ఆరేళ్లు బతికింది. గ్లాసు ఒలికిన ఆ ఒక్క గంట తప్ప ఒక్క మీట మొరాయించలేదు. మద్యం చుక్క దొరకని మీ భక్తుల ఊళ్లో ఒక్క క్రిస్మస్ దాటేసరికి దాని గొంతు పోయింది. ఎందుకని?

ప్రతి సంగతీ రెండు పేజీలు రాసే మనిషివి. పట్టీ లోపల కనిపించింది మాత్రం "కాస్త దుమ్ము ఉంది" అని తేల్చేశావు. ఏ రంగు దుమ్ము? ఏ వాసన? గుమ్మడికాయ దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, పియానో చర్చిలోనే ఉంది, చర్చిలోనే ఉంది అని నువ్వు రెండుసార్లు రాసినప్పుడే అనుకున్నాను.

మొన్న రేవులో మన మార్సెయు కనబడ్డాడు. క్రిస్మస్‌కి ఊరొచ్చాడట. ఈసారి ఫారా అదిరిపోయింది బావా అని మొదలుపెట్టాడు. గిటార్లతో ఇంటింటికీ తిరిగి పాడే ఫారాని ఈసారి లారీ మీదకి ఎక్కించారట. లారీలో జనరేటరు, జనరేటరు పక్కన నా పియానో, పియానో ముందు మా అక్క. ప్రతి ఇంటి ముందూ ఆగి వాయిస్తుంటే ఆ ఇంటి ఆడవాళ్లు ఉండబట్టలేక లారీ ఎక్కి నీ మెడ మీద, జుట్టు మీద పౌడరు చల్లారట, సెంటు కొట్టారట. ఆఖరికి నీ కనుబొమలు కూడా తెల్లబడ్డాయని చెప్పి వాడు పడీపడీ నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. నీ మెడ మీద పడిన పౌడరు ఎక్కడికి రాలుతుంది అక్కా? ఎదురుగా ఏముంది?

అంగుళం కదపనన్నావు. లారీ మీద ఊరంతా తిప్పావు.

ఫెసా


జుజు
ఏప్రిల్ 28

తమ్ముడూ,

తిప్పాను. ఏం చెయ్యమంటావు? కుర్రకారంతా ఇంటికొచ్చి "పెద్దమ్మా, నువ్వు లేకపోతే ఫారా ఏం ఫారా" అంటే కాదనడానికి నేను రాయిని కాను. ముప్పై ఏళ్లు చర్చిలో వాయించాను, ఎవరూ చప్పట్లు కొట్టరు, కొట్టకూడదు కూడా. లారీ మీద వాయిస్తుంటే ఆడవాళ్లు ఇళ్లలోంచి పరిగెత్తుకొచ్చారు. పుచ్చకాయ కోస్తున్న చేతులతోనే డబ్బాలు పట్టుకుని ఎక్కారు. నీ పాట నాకు నచ్చింది అని చెప్పడానికి మనకున్న పద్ధతి అదే కదా. పొయ్యద్దని ఎలా చెబుతాను? చెప్పాలని కూడా తోచలేదు. ఎంత పోస్తే అంత గర్వపడ్డాను.

అయితే నీ ఉత్తరం చదువుతుండగా ఒక సంగతి గుర్తొచ్చింది, అక్కడితో నా సిగ్గంతా ఎగిరిపోయి కోపం తిరిగొచ్చింది. అందరికంటే ఎక్కువ పౌడరు పోసింది ఎవరనుకున్నావు? సరోతే. చిటికెలతో తృప్తిపడక డబ్బా బోర్లించింది. నా మెడ మీద, చేతుల మీద, మీటల మీద. "ఇంత బాగా వాయించినవాళ్లు ఈ దీవిలో లేరు వదినా" అని అరుస్తూ పోసింది. ఆ నోటితోనే నెల తిరక్కుండా నా చేతులు పోయాయంది.

పెద్దల కూటమికి పిలవకుండానే వెళ్లాను. గుడ్డ కప్పకముందు తీసి దాచుకున్న రబ్బరు పట్టీ ఒకటి నా సంచిలో ఉంది. అవును, దాచాను. నేరుగా సరోతే ముందుకి వెళ్లి పట్టీ ముక్కు దగ్గర పెట్టాను.

"వాసన చూడు."

"ఏమిటిది వదినా?"

"ముందు చూడు, తర్వాత అడుగు."

చూసింది. "పౌడరు."

"మామూలు పౌడరా?"

ఆవిడ మొగుడి కేసి చూసింది. ఆ మల్లెపూల వాసన పౌడరు వాళ్ల పెద్దబ్బాయి లౌటోకా నుంచి పంపుతాడు. దీవిలో ఇంకెవరి దగ్గరా లేదు, ఆ సంగతి ఆవిడే ప్రతి పెళ్లిలోనూ చెబుతుంది. పాస్టరుగారు కూడా తీసుకుని వాసన చూశారు. "ఇది సరోతే" అన్నారు. అంతే, చాపల మీద కూర్చున్నవాళ్లంతా నవ్వడం మొదలుపెట్టారు. నేను నవ్వలేదు. మద్దెల ఓడా కాదా అని కఫోవాని అడిగాను. పెద్దలు పియానో మీద గుడ్డ తీసెయ్యమన్నారు.

మర్నాడు అకానిసీ నేనూ కూర్చుని పట్టీలన్నీ స్పిరిట్‌తో తుడిచాం. పిల్ల ఓపికమంతురాలు, ఒక్కో చుక్కనీ వెలుతురులోకి ఎత్తి చూసి గానీ కింద పెట్టలేదు. మూసి కరెంటు పెట్టాక నడిమి మీటల మీద వేలు ఆనించాను. ఊపిరంత మెత్తగా పలికింది. నాకు ఏడుపొచ్చింది, ఆ పిల్ల చూడనట్టు మరలు ఏరుకుంది.

సాయంత్రం కఫోవా ఫక్సోరోతో వచ్చాడు. మెడలో ఆకుల దండ, వెనక పంది, నూరి తాగే కావా దుంప, సరోతే చేతిలో తెల్లచాప. గుమ్మం ముందు నేల మీద కూర్చుని తల వంచి, నా చేతుల్ని అవమానించినందుకు క్షమించమన్నాడు. క్షమాపణకి అలా వచ్చినవాణ్ణి తిప్పి పంపే ఆచారం మనకి లేదు, నీకు తెలుసు. దండ తీసి పక్కన పెట్టి ఆయన్ని లేపాను. రొటుమా దినాన స్టూలు మీద నేనే.

ఒక్క చిన్న సంగతి మిగిలింది. ముగింపు కీర్తనలో ఎడమ చేతి వైపు ఒక మీట మందంగా పలుకుతోంది. దాన్నీ తుడిచాను, మళ్లీ తుడిచాను. లాభం లేదు. ఏం చెయ్యను?

నీ బారు గురించి తర్వాత మాట్లాడతాను. ప్రార్థన కూడిక మాత్రం ఖాయం.

తోరికా


సువా
మే 6

అక్కా,

సరోతే ముక్కు దగ్గర పట్టీ పెట్టిన ముక్క మూడుసార్లు చదివాను. మా బృందం వాళ్లకి కూడా చదివి వినిపించాను, బారులోనే.

ఆ ఒక్క మీటకి కంగారుపడకు. రబ్బరు మార్చి చూసినట్టే వేలు మార్చి చూడు. అదే మీటని కుడిచేత్తో నొక్కు. అప్పుడూ మందంగా ఉంటే రబ్బరు అరిగిందన్నమాట, కొత్త పట్టీ పంపుతాను. ఉత్తరాలు తెచ్చే విమానం వేళవుతోంది, ఇంతటితో ఆపుతాను. పదమూడున నిన్ను తలుచుకుంటాను.

ఫెసా


జుజు
మే 20

ప్రియమైన తమ్ముడికి,

పట్టీ పంపక్కర్లేదు. కుడిచేత్తో నొక్కితే మీట చక్కగా పలికింది. ఎడమ చేతి చూపుడు వేలితో నొక్కినా పలికింది. ఉంగరపు వేలితో నొక్కితే మూగబోయింది. ఆ వేలితో పక్క మీట నొక్కాను, అదీ మందమే. దాని పక్కదీ అంతే. ముగింపు కీర్తనలో ఆ చోటికి వచ్చేది ఆ వేలే కాబట్టి మీటదే రోగం అనుకున్నాను. పియానోకి ఇప్పుడు ఏ రోగమూ లేదు.

అప్పటికి కఫోవా తెచ్చిన పంది వండడం, పంచడం కూడా అయిపోయింది. నా చేతులు బాగున్నాయని ఒప్పుకుని ఆయన నా గుమ్మంలో తల వంచాడు, నేను పుచ్చుకున్నాను. ఇప్పుడు వెళ్లి ఏమని చెప్పను? నాలో నేను రగిలిపోయాను. ఆయన మీద కోపం, నీ మీద కోపం, వేలు మార్చి చూడమని ఎవరు రాయమన్నారు నిన్ను? అన్నిటికంటే ఆ వేలి మీద కోపం. ఇన్నాళ్లు నేను దానికోసం ఊరందరితో పోట్లాడుతుంటే అది నన్ను వెనక నుంచి పొడిచింది.

ఎవరికీ చెప్పకుండా పదమూడున వెళ్లి కూర్చున్నాను. ఏడు జిల్లాల బృందాలు, చర్చి చాలక మామిడి చెట్ల కింద కూడా చాపలు పరిచారు. అన్నీ బాగానే వాయించాను. ముగింపు కీర్తన వచ్చింది. మొదటి చరణంలో ఆ స్వరం పలకలేదు. అడుగున ఉండి పాటంతా మోసే స్వరం అది. సరోతే కేసి చూశాను, కళ్లు మూసుకుని పాడుతోంది. రెండో చరణంలోనూ పలకలేదు. కఫోవా చేతులు ఊపుతూనే ఉన్నాడు. మిగతా చరణాల్లో కూడా అక్కడ గొయ్యే. ఒక్క తల తిరగలేదు. అయ్యాక కఫోవా నా దగ్గరికి వచ్చి "ఇంత బాగా నువ్వెప్పుడూ వాయించలేదు" అన్నాడు. పాస్టరుగారు కళ్లు తుడుచుకున్నారు.

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది ఫెసా. నా చేతులు బాగున్నప్పుడు పోయాయన్నారు. నిజంగా పోతున్నప్పుడు బ్రహ్మాండమన్నారు. ఇన్నేళ్లూ వీళ్లకేనా నేను వాయించింది? వీళ్లు ఒప్పుకోవాలనేనా నాలుగు నెలలు నిద్ర మానుకుంది?

అందరూ భోజనాలకి వెళ్లాక పియానో మీద గుడ్డ కప్పుతున్నాను. అకానిసి వచ్చి రెండో కొస పట్టుకుంది. నా ఎడమ చేతిని చూడకుండా, గుడ్డ సర్దుతూ అంది. "పెద్దమ్మా, ముగింపు కీర్తనలో కింది స్వరం నాలుగు చరణాల్లోనూ రాలేదు. ఆ వేలు నొప్పిగా ఉందా?"

"మీ అత్తకి చెప్పావా?"

"ఎందుకు చెప్పడం? వాళ్లకి వినబడలేదుగా."

నొప్పి లేదని, బలమే లేదని చెప్పాను. ఆ మాట బయటికి అనడం అదే మొదటిసారి.

సువా డాక్టరుకి చూపించుకుంటాను, వచ్చే ఓడలో వస్తున్నాను, నువ్వేమీ హడావుడి చెయ్యకు. వచ్చే ఆదివారం నుంచి స్టూలు మీద అకానిసి కూర్చుంటుంది. ఈ సంగతి పెద్దలకి నేనే వెళ్లి చెప్పాను. కఫోవా తెల్లబోయి, తన ఫక్సోరోలో ఏం లోటు జరిగిందని అడిగాడు. లోటేమీ లేదన్నాను. ఆయన అడిగినందుకు స్టూలు ఇవ్వడం లేదని, ఆయన కోడలైనందుకు అసలే కాదని చెప్పాను. మరెందుకన్నాడు. దానికి వినబడుతుంది కాబట్టి అన్నాను. ఆయనకి అర్థం కాలేదు, నేను చెప్పలేదు.

అక్క,
తోరికా